మా అంబాసిడర్ మిస్సింగ్ ఎందుకు కొట్టింది? ఇంజన్ విప్పకముందు చూసుకోవాల్సినవి

ఈ రోజు స్టూడియో లేదు, రంగుల లైట్లు లేవు. బత్తలపల్లెలో మా ఇంటి ముందు వేపచెట్టు కింద కూర్చుని మాట్లాడుతున్నాను. నా వెనక కనపడుతున్నది మా నాయన బండి. అంబాసిడర్, మార్క్ 4, 1988 మోడల్. డీజిల్ కాదు, పెట్రోల్. ముందు ఈ సౌండ్ ఒకసారి వినండి, తర్వాత మాట్లాడుకుందాం.

(ఇంజన్ శబ్దం, 20 సెకన్లు)

విన్నారు కదా. సాఫీగా పోతూ పోతూ ఒక్కసారి గొంతు పట్టేసినట్టు ఆగి, మళ్లీ అందుకుంటోంది. వెనక సైలెన్సర్‌లో ఫట్ మని ఒక పేలుడు. మెకానిక్కులు దీన్ని 'మిస్సింగ్ కొడుతోంది' అంటారు. పుస్తకాల్లో మిస్‌ఫైర్ అని ఉంటుంది. విషయం ఒక్కటే. సిలిండర్‌లోకి గాలి, పెట్రోలు వచ్చాయి, పిస్టన్ నొక్కింది, కానీ ఆ టైముకి నిప్పు పడలేదు. కాలని పెట్రోలు అట్లే సైలెన్సర్‌లోకి పోయి అక్కడి వేడికి అంటుకుంటుంది. ఆ ఫట్ అదే.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మొన్న ఫిబ్రవరిలో ఒక రాత్రి మా చిన్నమ్మకి ఆయాసం వస్తే ముదిగుబ్బ నుంచి ఇక్కడి ఆర్డీటీ ఆస్పత్రికి తీసుకురావడానికి మా నాయనే పోయినాడు. ఈ చుట్టుపక్కల పల్లెల్లో రాత్రిపూట ఎవరికి ఏమైనా మా నాయనకే ఫోన్ వస్తుంది, ఇరవై ఏళ్లుగా అంతే. వచ్చేటప్పుడు హైవే మీద బండి కొట్టుకోవడం మొదలైంది. ఆగిపోలేదు. కానీ దారి పొడుగునా ఎప్పుడు ఆగుతుందో తెలియకుండా వచ్చింది. చిన్నమ్మ ఇప్పుడు బాగుంది. మా నాయన బాగలేడు. ఆ రాత్రి తర్వాత ఎవరు ఫోన్ చేసినా "ఆటో పంపిస్తా ఉండప్పా" అంటున్నాడు, తాళం తీయడం లేదు.

ఒక మెకానిక్‌కి చూపించినాడు. ఎవరో, ఏ ఊరో చెప్పను, మనిషి మంచివాడే. షెడ్డులో స్టార్ట్ చేసి చూస్తే బండి బాగానే ఉంది. రేస్ ఇచ్చి చూస్తే ఇంకా బాగుంది. కార్బరేటర్ విప్పి కడిగినాడు, ప్లగ్గులు మార్చినాడు, పాయింట్లు కొత్తవి వేసినాడు. రోడ్డు ఎక్కగానే మళ్లీ అదే. ఆఖరికి "వాల్వులు పోయింటాయి, హెడ్డు దించాల, బోరింగ్ కూడా చేస్తే మంచిది, ముప్పై ఎనిమిది వేలు అవుతాది" అన్నాడు. అదే వారం తుక్కు కొనేవాడు వచ్చి ఇరవై ఆరు వేలు ఇస్తానన్నాడు. మా నాయన లెక్క మీకు అర్థమైంది కదా. నాకు ఫోన్ చేసి "శనివారం వాడు లారీ తెస్తాడంట, నీకేమన్నా ఫోటోలు తీసుకోవాలంటే రా" అన్నాడు.

గురువారం రాత్రి బస్సు ఎక్కినాను.

ఒక మాట ముందే చెప్పేస్తాను. నేను మెకానిక్ కాదు. బీటెక్ చేసి బెంగళూరులో నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ పని చేసినాను, అందులో సగం టైము వేరేవాళ్లు రాసిన కోడ్‌లో బగ్గులు వెతకడమే. అందుకే మెకానిక్ చెప్పింది విన్నప్పుడు నాకు తట్టింది ఇది: ఆయనకి ఆ బగ్ ఒక్కసారి కూడా కనపడలేదు. షెడ్డులో రాని తప్పుకి షెడ్డులో మందు వేస్తున్నాడు. మా ఆఫీసులో 'నా మెషీన్‌లో బాగానే పని చేస్తోంది కదా' అనే డైలాగు ఒకటి ఉండేది. అచ్చం అదే.

ఇక్కడికి దగ్గరలోనే, పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ ఉంది. 2019 నుంచి అక్కడ కార్లు తయారవుతున్నాయి. ఆ కారుకి మిస్సింగ్ వస్తే డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, స్కానర్ గుచ్చితే పీ0301 అనో పీ0303 అనో కోడ్ వస్తుంది. చివరి అంకె సిలిండర్ నంబరు. పీ0300 వస్తే ఫలానా సిలిండర్ అని లేదు, అన్నిట్లో అక్కడక్కడా అని అర్థం. అంటే కారే లాగ్స్ రాసి పెడుతుంది. అంబాసిడర్‌లో అట్లాంటిది ఏమీ లేదు. ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన బండి ఇది. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు బెంగాల్‌లోని ఉత్తరపాడాలో 2014 దాకా తయారు చేసినారు. మాదాంట్లో ఉన్న 1489 సీసీ ఇంజన్ ఇంకా పాత డిజైన్. లాగ్స్ మనమే రాసుకోవాలి.

సరే, ఈ పాత బండిలో నిప్పు ఎట్లా పుడుతుందో రెండు నిమిషాలు చెప్తాను, అది తెలియకపోతే తర్వాతది అర్థం కాదు.

బ్యాటరీ 12 వోల్టులు. ప్లగ్గు దగ్గర గాలిని చీల్చుకుని నిప్పురవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. మధ్యలో ఉన్నది కాయిల్. అందులో రెండు చుట్లు ఉంటాయి, లావు వైరుది ఒకటి, వెంట్రుక లాంటి సన్న వైరుది ఒకటి. లావు చుట్టలో కరెంటు పారుతుంటే చుట్టూ అయస్కాంత శక్తి నిండుతుంది. ఆ కరెంటుని టక్కున తెంపేస్తే ఆ శక్తి కూలిపోయి సన్న చుట్టలో వేల వోల్టుల దెబ్బ పుడుతుంది. బోరు మోటరు ఆపినప్పుడు స్టార్టర్ డబ్బాలో చిటుక్కుమని మెరుపు చూసింటారు కదా, ఆ దెబ్బ దీనికి తమ్ముడే.

ఆ తెంపే పని చేసేవే పాయింట్లు. డిస్ట్రిబ్యూటర్ అనే గుండ్రటి డబ్బాలో కూర్చుని, కలుసుకోవడం, విడిపోవడం, అంతే వాటి బతుకు. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే నాలుగు సిలిండర్లకి కలిపి 6000 నిప్పులు కావాలి. సెకనుకి వంద. అంటే ఆ చిన్న ఇనుప రెక్క సెకనుకి వందసార్లు తెరుచుకుని మూసుకోవాలి. పక్కన కండెన్సర్ ఉంటుంది, పాయింట్లు విడిపోయేటప్పుడు అక్కడే నిప్పు రాకుండా ఆపుతుంది. పైన రోటర్ తిరుగుతూ పుట్టిన హై వోల్టేజీని 1-3-4-2 వరసలో ఒక్కో ప్లగ్గు వైరుకి పంచుతుంది. 1910 ప్రాంతంలో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ క్యాడిలాక్ కార్ల కోసం తయారు చేసిన పద్ధతి ఇది. ఎనభై ఏళ్ల తర్వాత కూడా మన అంబాసిడర్లు అదే పద్ధతి మీద తిరిగినాయి. చెడిపోయినా మనకి కంటితో కనపడే చోటే చెడిపోతుంది, అందుకే నాకు ఇష్టం.

ఇప్పుడు వెతకడం. మీకు కూడా ఇట్లాంటి బండి ఉంటే మొదట అడగాల్సింది 'ఏ పార్టు పోయింది' అని కాదు. ఎప్పుడు కొడుతోంది, ఒక సిలిండరేనా, అన్నీనా. ఈ రెండే.

శుక్రవారం పొద్దున మొదట సిలిండర్ సంగతి చూసినాను. ఇంజన్ నడుస్తుండగా ఒక్కో ప్లగ్గు వైరు తీసి చూడటం పాత పద్ధతి. వైరు తీయగానే ఇంజన్ కుంటితే ఆ సిలిండర్ పని చేస్తున్నట్టు. తీసినా తేడా రాకపోతే దొంగ అక్కడే. ఇది చేసేటప్పుడు రబ్బరు పిడి ఉన్న ప్లయర్స్ వాడండి, తీసిన వైరు కొసని ఇంజన్ ఇనుముకి తాకేట్టు పెట్టండి, గాల్లో వేలాడదీయకండి. షాక్ గట్టిగా కొడుతుంది. లుంగీ, తువ్వాలు దూరంగా పెట్టండి, ఫ్యాను రెక్కలు ఇనుపవి. ఇంకొకటి, కొత్త కార్లలో ఇది అస్సలు చేయొద్దు. వాటి సైలెన్సర్‌లో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది, కాలని పెట్రోలు అందులోకి పోతే అది కాలి పాడవుతుంది. కొత్త కాయిళ్ల వోల్టేజీ కూడా ఎక్కువ.

కొందరు ఎగ్జాస్ట్ గొట్టం మీద నీళ్లు చల్లి చూస్తారు. పని చేయని సిలిండర్ దగ్గర గొట్టం వేడెక్కదు, నీళ్లు చుయ్ మనవు. మంచి చిట్కానే. కానీ ఈ ఇంజన్‌లో రెండు, మూడు సిలిండర్లకి కలిపి ఒకటే ఎగ్జాస్ట్ దారి. ఆ రెండిట్లో ఏది చచ్చిందో నీళ్లు చెప్పలేవు.

మాదాంట్లో నాలుగు వైర్లు తీసినా నాలుగుసార్లూ ఒకేలా కుంటింది. అంటే అన్ని సిలిండర్లూ పని చేస్తున్నాయి. ఇక్కడే వాల్వు కథ మీద నాకు అనుమానం వచ్చింది. వాల్వు కాలిపోతే అది ఒక సిలిండర్‌లో, ఎప్పుడూ, ముఖ్యంగా ఐడిల్‌లో కొట్టాలి. మనది ఐడిల్‌లో గడియారం లాగా ఉంది. హెడ్డు దించాలని ఎవరైనా అంటే, దించకముందు కంప్రెషన్ గేజ్ పెట్టి నాలుగు సిలిండర్లూ కొలవమనండి. నాలుగు అంకెలూ దగ్గర దగ్గరగా ఉంటే ఆ మిస్సింగ్‌కి హెడ్డు దించాల్సిన పని దాదాపు ఉండదు. మనం గేజ్ అద్దెకి తెచ్చి కొలిచినాం. నాలుగూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి.

పొల్యూషన్ టెస్ట్ చీటీ కూడా చూసినాను. చాలామంది దాన్ని ఫైలులో పడేస్తారు గానీ అందులో రెండు అంకెలు పనికొస్తాయి. సీఓ ఎక్కువుంటే పెట్రోలు ఎక్కువ పోతోందని. హెచ్‌సీ ఎక్కువుంటే కాలని పెట్రోలు బయటికి వస్తోందని, అంటే మిస్సింగ్ అని అనుమానించొచ్చు. మాదాంట్లో రెండూ పరిమితి లోపలే. అవును మరి, ఆ టెస్టు కూడా బండిని నిలబెట్టి ఐడిల్‌లోనే చేస్తారు.

శుక్రవారం రాత్రి కరెంటు పోయింది. మంచిదే అయింది. చీకట్లో బానెట్ ఎత్తి ఇంజన్ నడిపితే వైర్లలో ఎక్కడ లీకు ఉన్నా నీలంగా చిన్న మెరుపులు కనపడతాయి. క్యాప్ పగిలినా కనపడుతుంది. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి ఐదు నిమిషాలు తీసినాను. మెరుపుల్లేవు. దోమలు మాత్రం బాగా పడినాయి.

ఇక శనివారం. లారీ మధ్యాహ్నం వస్తుందన్నారు. పొద్దున ఆరింటికి మా నాయనని బతిమాలి డ్రైవింగ్ సీట్లో కూర్చోబెట్టినాను. నేను పక్క సీట్లో ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పట్టుకున్నాను. బండి కొట్టిన ప్రతిసారీ 'ఇప్పుడు' అంటాను, ఆ టైముకి కాలు ఎట్లా ఉందో మా నాయన చెప్పాలి. ముదిగుబ్బ వైపు పోయి వెనక్కి తిరిగినాం. లాగ్స్ అంటే ఇవే. నడిపేవాళ్లు ఫోన్ పట్టుకోకండి, ఇద్దరు ఉండాల్సిందే.

ఇంటికొచ్చి ఆ రికార్డింగ్ విన్నాను. "ఇప్పుడు." "నలభైలో పోతాండా, కాలు ఊరికే ఆనించినా అంతే." "ఇప్పుడు." "అదే, ఊరికే ఆనించినా." ఒకచోట ఎత్తు వచ్చింది, మా నాయన గట్టిగా తొక్కినాడు, ఒక్కసారి కూడా కొట్టలేదు. ఎత్తు దాటి సమానంగా పోతుంటే మళ్లీ కొట్టింది. ఆ మధ్యలో చోక్ లాగి చూడమన్నాను. పెట్రోలు తక్కువై కొడుతుంటే చోక్ లాగితే కొంచెం తేరుకోవాలి. తేడా ఏమీ రాలేదు. పైగా పెట్రోలు అందకపోతే బండి మెల్లగా నీరసపడుతుంది. ఇది స్విచ్ వేసి తీసినట్టు కొడుతోంది. కాబట్టి కరెంటు వైపే.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి, అసలు ముడి ఇక్కడే ఉంది.

మామూలుగా నిప్పు బలహీనంగా ఉంటే బండి ఎత్తు ఎక్కేటప్పుడు కొట్టాలి. ఎందుకంటే గట్టిగా తొక్కితే సిలిండర్‌లోకి గాలి, పెట్రోలు ఎక్కువ వస్తాయి, లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఆ దట్టమైన గాలిని చీల్చడానికి ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి. కాయిల్ నీరసపడినా, ప్లగ్గు గ్యాప్ ఎక్కువైనా, రోటర్ లీకైనా మొదట చేతులెత్తేసేది అక్కడే. మాది రివర్స్. బరువు మీద బాగుంది, తేలిగ్గా పోయేటప్పుడు కొడుతోంది. ఐడిల్‌లో బాగుంది. అంటే నిప్పు బలం సమస్య కాదు. తేలిగ్గా పోయేటప్పుడు మాత్రమే ఉండి, ఐడిల్‌లోనూ, పూర్తిగా తొక్కినప్పుడూ లేనిది ఏదో ఒకటి ఈ ఇంజన్‌లో ఉండాలి.

అట్లాంటిది ఒకటే ఉంది. ఈ సన్న గొట్టం. కెమెరా దగ్గరికి తెస్తాను చూడండి. కార్బరేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న ఈ రేకు డబ్బీకి పోతుంది. దీన్ని వాక్యూమ్ అడ్వాన్స్ అంటారు. కాలు తేలిగ్గా పెట్టినప్పుడు సిలిండర్‌లో మిశ్రమం పలచగా ఉంటుంది, మెల్లగా కాలుతుంది, కాబట్టి నిప్పు కొంచెం ముందే పడాలి. అప్పుడు కార్బరేటర్‌లో పుట్టే వాక్యూమ్ ఈ గొట్టం గుండా డబ్బీలోని పల్చటి పొరని లాగుతుంది. ఆ పొర డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లు బిగించిన ప్లేటుని కొద్దిగా తిప్పుతుంది. టైమింగ్ ముందుకి జరుగుతుంది. కాలు పూర్తిగా తొక్కితే వాక్యూమ్ పడిపోతుంది, ప్లేటు వెనక్కి వస్తుంది. ఐడిల్‌లో కార్బరేటర్ తలుపు మూసుకుని ఉంటుంది, గొట్టం రంధ్రం ఆ తలుపుకి ఇవతల ఉండటం వల్ల అప్పుడూ లాగదు.

అంటే ప్లేటు కదిలినప్పుడే బండి కొడుతోంది.

దీన్ని పరీక్షించడానికి యంత్రం అక్కర్లేదు. నోరు చాలు. ఇంజన్ ఐడిల్‌లో పెట్టి, గొట్టాన్ని కార్బరేటర్ దగ్గర ఊడదీసి, కార్బరేటర్ రంధ్రం వేలితో మూయించి, గొట్టం కొస నోట్లో పెట్టుకుని పీల్చాలి. కొబ్బరిబోండంలో స్ట్రా లాగా. పీల్చినాను. గడియారం లాగా తిరుగుతున్న ఇంజన్ టకటకమని కొట్టుకుని ఆగిపోబోయింది. వదిలినాను, బాగైపోయింది. మళ్లీ పీల్చినాను, మళ్లీ కొట్టుకుంది. రోడ్డు మీద తప్ప దొరకని బగ్ మా వాకిట్లో నా నోటితో వచ్చింది. ఆ క్షణం నేను అరిచిన అరుపుకి పక్కింటి కుక్క ఇంకా నన్ను చూస్తే మొరుగుతోంది.

ఈ పరీక్షలో ఇంకొకటి కూడా తెలుస్తుంది. పీల్చి, నాలుకతో గొట్టం మూసి పట్టుకోండి. పట్టు నిలవకపోతే లోపలి పొర చిరిగిందని అర్థం. చిరిగితే బండి ఇట్లా కొట్టదు గానీ, మైలేజీ తగ్గుతుంది, లాగడంలో మందంగా ఉంటుంది. మాదాంట్లో పట్టు నిలిచింది.

ఇంజన్ ఆపి క్యాప్ తీసినాం. రోటర్ పక్కన పెట్టినాం. పాయింట్లు కొత్తవి, మెరుస్తున్నాయి. గ్యాప్ ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే 15 థౌ, సరిగ్గా ఉంది. ప్లగ్గు గ్యాప్ 25 థౌ, అది మా నాయన ఎప్పుడూ హ్యాక్సా బ్లేడు ముక్కతో చూస్తాడు. నవ్వకండి, కొలిచి చూసినాను, ఆ బ్లేడు మందం దాదాపు అంతే. కంటికి ఏ తప్పూ కనపడలేదు. మెకానిక్‌కి కూడా అందుకే కనపడలేదు.

అప్పుడు మల్టీమీటర్ తీసుకున్నాను. బ్యాటరీ వైరు తీసేసి, పాయింట్లు కలుసుకున్న స్థితిలో ఇంజన్‌ని ఆపి, కాయిల్ నుంచి వచ్చే వైరు కూడా ఊడదీసినాను. మీటరుది ఒక కొస ఆ వైరు బిగించే డిస్ట్రిబ్యూటర్ బయటి టెర్మినల్‌కి, ఇంకో కొస ఎర్త్‌కి. బీప్ మంటోంది. ఇప్పుడు వేలితో ప్లేటుని మెల్లగా తిప్పినాను, వాక్యూమ్ తిప్పినట్టే. బీప్ ఆగిపోయింది. వదిలితే మళ్లీ బీప్.

బయటి టెర్మినల్ నుంచి పాయింట్ల దాకా లోపల ఒక బెత్తెడు కూడా లేని వైరు ఉంటుంది. ఒక కొస కదలని డబ్బాకి, ఇంకో కొస కదిలే ప్లేటుకి. కాలు ఎత్తి దించిన ప్రతిసారీ అది వంగుతుంది. అందుకే కంపెనీ అక్కడ వెంట్రుకల్లాంటి సన్నతీగలు బోలెడు కలిపిన మెత్తటి వైరు ఇస్తుంది. దాని పక్కనే ప్లేటుకి ఎర్త్ ఇచ్చే ఇంకో అల్లిక వైరు ఉంటుంది, అది తెగినా ఇదే రోగం వస్తుంది, రెండూ చూడాలి. మా ఎర్త్ వైరు బాగుంది. మొదటిది మెత్తగా లేదు. గట్టిగా, కమ్మీలాగా ఉంది. పైన ఎర్ర తొడుగు చెక్కుచెదరలేదు. తీసి వంచితే లోపల రాగి తెగి ఉంది. వైరు వదులుగా ఉన్నప్పుడు తెగిన కొసలు ఆనుకుంటున్నాయి, ప్లేటు లాగగానే విడిపోతున్నాయి. విడిపోయిన ఆ కాసేపు కాయిల్‌కి కరెంటు లేదు, నాలుగు సిలిండర్లలోనూ నిప్పు లేదు.

ఈ వైరు ఎవరు వేసినారబ్బా అని నేను గట్టిగానే అన్నాను. ఇంటి వైరింగ్‌కి వాడే వైరు ఇక్కడ వేసే మనిషి ఎవడు, బుద్ధి ఉందా అని ఏదేదో అనేసినాను.

మా నాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నేనే ఏసినా లేరా" అన్నాడు. లాక్‌డౌన్ అప్పుడు, 2020లో, పాత వైరు తెగిపోతే అంగళ్లు లేవు, మెకానిక్ లేడు. ఎవరినో రాత్రి ఆస్పత్రికి తీసుకుపోవాల. చేనుకాడ బోరు ఎండిపోయి పడున్న స్టార్టర్ డబ్బాలోంచి ఒక ముక్క వైరు కోసి వేసినాడంట. "ఆ పొద్దుకి బండి కదిలింది. తర్వాత మర్చిపోయినా."

నేను సారీ చెప్పినాను. ఆయన "ఇంగ ఏసేది చూడు" అన్నాడు.

నిజానికి చూడండి, ఆ వైరు తప్పే గానీ పిచ్చి పని కాదు. కరెంటు పారడానికి అది చాలు. వంగడానికి చాలదు. రోజూ అదే చోట వంగి వంగి లోపలి రాగి అలిసిపోయింది. మీ చార్జర్ కేబుల్ పిన్ను దగ్గర పైకి బాగా కనపడుతూనే లోపల తెగిపోయి, ఒక పక్కకి వంచి పట్టుకుంటేనే చార్జ్ ఎక్కుతుంది కదా, అదే జబ్బు.

రిపేరు తేలికే గానీ రెండు చోట్ల తప్పు చేయొచ్చు. ఒకటి నేనే చేసినాను, అందుకే చెప్తున్నాను. ధర్మవరంలో ఒక మొబైల్ రిపేర్ అంగట్లో సన్నతీగల సిలికాన్ వైరు ముప్పై రూపాయలకి కొని, అక్కడే సాల్డరింగ్ చేయించుకుని వచ్చినాం. సిలికాన్ ఎందుకంటే మెత్తగా ఉంటుంది, ఇంజన్ వేడికి కరగదు. పొడవు కొంచెం ఎక్కువ ఉంచాలి, ప్లేటు ఈ చివర నుంచి ఆ చివర దాకా తిరిగినా వైరు బిగుసుకోకూడదు. అట్లని వదులుగా వదిలేస్తే తిరిగే రోటర్‌కి తగిలి తెగుతుంది. లోపలి గోడ వెంట ఒక వంపు ఇచ్చి కూర్చోబెట్టాలి.

నేను చేసిన తప్పు ఏమిటంటే, పాయింట్ల స్క్రూ దగ్గర చిన్న ప్లాస్టిక్ వాషర్లు ఉంటాయి. కాయిల్ వైరు, కండెన్సర్ వైరు, పాయింట్ల స్ప్రింగు, ఈ మూడూ ఒకదానికొకటి తాకాలి, కానీ ప్లేటు ఇనుముకి తాకకూడదు. ఆ వాషర్ వరస మార్చి బిగించినాను. తాళం తిప్పితే స్టార్టర్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు. పన్నెండున్నర అయింది. లారీవాడు ఫోన్ చేసి దారిలో ఉన్నానన్నాడు. చెమటలు ఎండకా, భయానికా తెలియదు. ముందు ఫోటో తీసి పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. ఫోటో చూసి వరస సరిచేస్తే మొదటి తిప్పుకే అందుకుంది. ఏది విప్పినా ముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచి ఫోటో తీయండి. మీ చేతిలో ఉన్న దాంట్లో అన్నిటికంటే పనికొచ్చే టూల్ ఆ కెమెరానే.

మళ్లీ గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చినాను. ఈసారి ఇంజన్ కొట్టుకోలేదు, కొద్దిగా స్పీడు పెరిగింది. అట్లాగే పెరగాలి, టైమింగ్ ముందుకి జరిగింది కదా. పాయింట్లని ముట్టుకున్నాం కాబట్టి గ్యాప్ మళ్లీ చూసి, టైమింగ్ కూడా లైటు పెట్టి చూసుకున్నాం. గ్యాప్ మారితే టైమింగ్ మారుతుంది, అది గుర్తుపెట్టుకోండి.

అదే దారిలో మళ్లీ ముదిగుబ్బ దాకా పోయినాం. రికార్డర్ ఆన్‌లోనే ఉంది. ఇరవై ఏడు నిమిషాల ఆడియోలో 'ఇప్పుడు' అన్న మాట ఒక్కసారి కూడా లేదు. మా నాయన నలభైలో కాలు ఊరికే ఆనించి, చెవి బానెట్ వైపు పెట్టి నడిపినాడు. వచ్చేటప్పుడు చిన్నమ్మ ఇంటి దగ్గర ఆపి టీ తాగినాం. బండి ఆపకుండా వాకిట్లో నడుస్తూనే ఉంచినాడు, పెట్రోలు దండగ అని నేనన్నా వినలేదు.

ఇంటికొచ్చేసరికి లారీ నిలబడుంది. ఆ అబ్బాయికి మజ్జిగ ఇచ్చి పంపించినాం, డీజిల్ ఖర్చు కింద ఐదువందలు అడిగితే ఇచ్చినాం.

బండిలో అన్నీ బాగున్నాయని చెప్పను. ఆయిల్ కొంచెం తాగుతోంది, డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ పట్టుకుని ఊపితే కొద్దిగా కదులుతోంది. ఆ బుష్ ఇంకా అరిగితే పాయింట్ల గ్యాప్ ఒక్కో సిలిండర్‌కి ఒక్కోలా వస్తుంది, అప్పుడు మళ్లీ మిస్సింగ్ వస్తుంది, ఈసారి ఐడిల్‌లోనే. దాన్ని వేసవి అయిపోయినాక చూద్దామన్నాడు మా నాయన. తెగిన వైరు ముక్క ఇదిగో. దీన్ని పారేయొద్దన్నాడు, డ్యాష్‌బోర్డు గూట్లో పెట్టుకుంటాడంట.

మొన్న మంగళవారం రాత్రి పదకొండుకి నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు. అర్ధగంట తర్వాత తనే చేసినాడు. "ఆస్పత్రి కాడ ఉండా, పక్క ఊరోళ్లని తెచ్చినా. పొద్దున చేస్తా, పెట్టెయ్" అన్నాడు.